గన్ను చూశాం, ఓడలో పని కూడా చూపించండి: తూర్పు నౌకాదళానికి ఒక సైన్స్ టీచర్ బహిరంగ లేఖ

తూర్పు నౌకాదళం అధికారులకి, నేవీ డే రోజుల్లో ఓడలు జనానికి తెరిచినప్పుడు పొద్దుట్నించి సాయంత్రం దాకా డెక్ మీద నిలబడి వచ్చినవాళ్లందరికీ ఓపిగ్గా చెప్పే సెయిలర్స్‌కి నమస్కారం.

నేను విజయనగరం వైపు ఒక గవర్నమెంట్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఓడలు చూడనిస్తారని తెలిస్తే చాలు, పిల్లల్ని తీసుకుని విశాఖ వచ్చేస్తాను. ముందుగా థాంక్స్ చెప్పాలి, మాటవరసకి కాదు, నిజంగానే. అది రోజూ పని జరిగే నావల్ బేస్, అక్కడికి వేలమందిని రానివ్వడం అంటే సెక్యూరిటీ, బస్సులు, క్యూలు, తప్పిపోయిన పిల్లలు, ఎంత తలనొప్పో మాకు తెలుసు, ఒక్క స్కూల్ పిల్లల్ని పిక్నిక్‌కి తీసుకెళ్తేనే మాకు నిద్రుండదు. అయినా మీరు తెరుస్తున్నారు. డిసెంబర్ మొదటి వారంలో ఆర్కే బీచ్‌లో నిలబడితే లైట్లు పెట్టిన ఓడలు దూరంగా అందరికీ కనిపిస్తాయి, కానీ ఎక్కి ఆ ఇనుము మీద చెయ్యి పెట్టి చూడ్డం వేరు. మా పిల్లల్లో చాలామంది సముద్రాన్నే అప్పుడప్పుడు చూస్తారు, యుద్ధనౌక ఎక్కడం అంటే వాళ్లకి ఏడాదంతా చెప్పుకునే సంగతి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఓడ ఎక్కగానే జనం అంతా ఎక్కడికి పోతారో మీకు నాకంటే బాగా తెలుసు. ముందున్న పెద్ద గన్ దగ్గరికి. ఫొటో, ఇంకో ఫొటో, పిల్లాణ్ణి ఎత్తుకుని ఇంకోటి. ఎవరో ఒకరు "ఎంత దూరం కొడుద్ది సార్" అని అడుగుతారు, మీ సెయిలర్ ఒక నంబర్ చెప్తాడు, వెనకాల లైన్ తోస్తూ ఉంటుంది కాబట్టి ముందుకి కదలాలి, పక్కన రాకెట్ లాంచర్, దాని నంబర్ ఇంకోటి, ఆ తర్వాత దిగిపోవడం. తప్పేం లేదు, నాకూ గన్ చూడ్డం ఇష్టమే, నిమిషానికి 120 రౌండ్లు కాల్చే 76 ఎంఎం గన్ కళ్ల ముందు ఉంటే ఎవరికి ఉండదు. కానీ మర్నాడు క్లాసులో "ఏం చూశార్రా" అంటే పిల్లలు ఆ నంబర్లు రెండు చెప్పి ఆగిపోతారు. ఓడ అంటే గన్ మోసుకెళ్లే బండి అన్నట్టే వాళ్ల బుర్రలో మిగిలిపోతుంది. నాకు బాధ అక్కడే. ఆ గన్ చుట్టూ బతుకుతూ, వండుకుంటూ, కాపలా కాస్తూ, నీళ్లు రాకుండా, నిప్పు అంటుకోకుండా రాత్రీ పగలూ చూసుకునే మనుషులు, వాళ్ల పని, అదే కదా ఓడ అంటే. అది చూపించమని అడగడానికే ఈ ఉత్తరం.

అలా చూపించినప్పుడు ఏమవుద్దో నేను కళ్లారా చూశాను, మీ దగ్గరే. ఒకసారి క్యూలో జెట్టీ మీద నిలబడ్డాం, ఓడని కట్టిన లావుపాటి మోకులు ఉంటాయి కదా, ఒక్కో మోకు మధ్యలో గుండ్రంగా రేకు పళ్లెం లాంటిది ఒకటి బిగించి ఉంది. మా ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి అక్కడున్న సెయిలర్‌ని అడిగింది, ఇవెందుకండీ అని. ఆయన నవ్వి, ఎలకల కోసమమ్మా, ఒడ్డు మీద ఎలకలు రాత్రిపూట ఈ తాడు పట్టుకుని నడుచుకుంటూ ఓడెక్కేస్తాయి, ఈ రేకు అడ్డం ఉంటే దాటలేవు, ఒక్కటి ఎక్కినా గోడౌన్లో బియ్యం పోద్ది, వైర్లు కొరికిందంటే ఇంకేమన్నా ఉందా అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మా పిల్లలు ఆ వారమంతా ఎలకల గురించే, కోట్ల ఖరీదు ఓడకి ఒక రేకు ముక్క కాపలా కాయడం గురించే మాట్లాడుకున్నారు. గన్ ఎంత దూరం కొడుద్దో మళ్లీ ఎవరికీ గుర్తులేదు.

ఇంకోసారి డెక్ మీద ఒక మూల బల్ల వేసి దాని మీద కొన్ని చెక్క ముక్కలు పెట్టారు. ఒకవైపు లావుగా ఇంకోవైపు సన్నగా చెక్కినవి, గుండ్రంగా బిరడాల్లాగా ఉన్నవి, పక్కన ఒక కొయ్య సుత్తి, కొంచెం గుడ్డ. జనం దాన్ని చూసి వడ్రంగి సామాను అనుకుని దాటిపోతున్నారు. అక్కడ నిలబడ్డ కుర్రాడిది శ్రీకాకుళం జిల్లా, మాట వినగానే తెలిసిపోయింది, మా పిల్లలు తెలుగోళ్లని తెలియగానే అతని మొహం వెలిగిపోయింది. ఓడకి కన్నం పడితే ఏం చేస్తారో చెప్పండ్రా అని వాళ్లనే అడిగాడు. ఒకడు వెల్డింగ్ అన్నాడు. ఒకడు దిగి ఈదేస్తాం అన్నాడు. అప్పుడు అతను ఆ బిరడా తీసి గుడ్డ చుట్టి చేత్తో పట్టుకుని, చీకట్లో, నడుంలోతు నీళ్లలో, ఆ నీళ్లు మొహం మీద కొడుతుండగా దీన్ని కన్నంలో పెట్టి సుత్తితో కొట్టాలి, తడిసిన చెక్క ఉబ్బి అదే బిగుసుకుంటది అని చెప్పాడు. లోనావలాలో ఐఎన్ఎస్ శివాజీ అనే నేవీ ట్రైనింగ్ సెంటర్లో దీనికే ట్రైనింగ్ ఉంటదని, గదిని అటూ ఇటూ ఊపుతూ లోపలికి నీళ్లు వదిలి, ఆపండి చూద్దాం అంటారని చెప్పాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. వెనకాల ఉన్న పెద్దోళ్లు కూడా ఫోన్లు దించి విన్నారు.

స్కూల్‌కొచ్చాక దాని మీదే నేను లెక్క చేయించాను. నీటిమట్టానికి 3 మీటర్ల కింద ఓడ గోడకి 10 సెంటీమీటర్ల వెడల్పు కన్నం పడితే, అంటే మన అరచేయి అంత, నీళ్లు సెకనుకి సుమారు 7 మీటర్ల పైన వేగంతో లోపలికి కొడతాయి, లెక్క కడితే నిమిషానికి 2 వేల లీటర్లు దాటిపోతుంది. అంటే ప్రతి నిమిషం 2 టన్నుల బరువు ఓడలోకి చేరుతున్నట్టు. లోతు పెరిగితే పీడనం పెరుగుతుందని నేను బోర్డు మీద ఎన్నేళ్లు చెప్పినా ఎక్కనిది, ఆ చెక్క బిరడాతో ఎక్కింది. అప్పుడు ఒక పిల్లాడు అడిగాడు, మరి ఓడంతా ఒకటే గది కాకుండా అన్ని చిన్న చిన్న గదులు, ఒక్కోదానికి అంత బరువు ఇనప తలుపులు, అడుగు ఎత్తు గడపలు అందుకేనా సార్ అని. అందుకే. వాడు గడప తగిలి మోకాలు కొట్టుకున్నాడు ఆ రోజు, అందుకే గుర్తుంది వాడికి.

మీరు చెప్పగలిగినవి ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. నిప్పు సంగతే తీసుకోండి. ఓడలో మంట లేస్తే నీళ్లు కొట్టి ఆర్పాలి, కానీ ఆ నీళ్లు పై అంతస్తుల్లో నిలిచిపోతే ఓడకే ప్రమాదం, పళ్లెం నిండా నీళ్లు పోసి నడిస్తే నీళ్లన్నీ ఒకవైపుకి పరిగెత్తి చెయ్యి ఒరిగిపోతుందే, అలా ఓడ పక్కకి వాలిపోతుంది. 1942 ఫిబ్రవరిలో న్యూయార్క్ రేవులో నార్మండీ అనే పెద్ద ప్యాసింజర్ ఓడకి మంటలు అంటుకుంటే ఆర్పడానికి పోసిన నీళ్ల బరువుకే అది కట్టిన చోటే పక్కకి పడిపోయింది. ఇది మీ వాళ్లకి ట్రైనింగ్‌లో మామూలు పాఠం, మాకు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఒక గాజు తొట్టి, ఒక చిన్న బొమ్మ ఓడ, మగ్గుతో నీళ్లు, అంతే కావాల్సింది, అది ఒక పక్క పెట్టి చూపించండి, మీ గన్ దగ్గర ఉన్నంత జనం అక్కడ కూడా ఉంటారు, నేను గ్యారంటీ.

ఐఎన్ఎస్ జలాశ్వ అంటే విశాఖలో చాలామందికి పేరు తెలుసు. అది అమెరికా వాళ్ల దగ్గర ట్రెంటన్ అనే పేరుతో ఉన్న ఓడ, 2007లో మన నేవీలోకి వచ్చింది. వెనకవైపు పెద్ద తలుపు ఉంటుంది, కావాలనే ట్యాంకుల్లోకి నీళ్లు నింపుకుని తోక భాగాన్ని కిందికి దించుకుని, కడుపులోకి నీళ్లు రానిచ్చి, లోపలున్న చిన్న బోట్లని తేలేలా చేసి బయటికి పంపిస్తుంది, పని అయ్యాక నీళ్లు తోడేసి మళ్లీ లేస్తుంది. ఆర్కిమెడిస్ సూత్రం ఇంతకన్నా పెద్ద సైజులో ఎక్కడ చూపిస్తాం చెప్పండి. 2020 మే నెలలో కోవిడ్ టైమ్‌లో మాల్దీవుల్లో చిక్కుకున్న మనవాళ్లని మొదటి ట్రిప్పులో 698 మందిని కొచ్చి తెచ్చింది కూడా అదే ఓడ. అంతమందికి పడుకోడానికి చోటు, తిండి, బాత్రూములు, ఒకరి నుంచి ఒకరికి జబ్బు అంటకుండా చూసుకోడం, ఇదంతా చేసినోళ్లు ఓడ మీద ఉన్న మామూలు సెయిలర్లే కదా. వాళ్లలో ఒకర్ని నిలబెట్టి అది చెప్పించండి. గన్ పేలకుండా చేసిన పని అది, పిల్లలకి తెలియాలి.

ఇళ్ల నుంచి వచ్చే ఆడవాళ్లు, ముసలివాళ్లు అడిగే ప్రశ్నలు అసలైనవి అని నాకనిపిస్తుంది. ఒక పెద్దావిడ మీ కుర్రాణ్ణి పట్టుకుని ఇంటికి ఎన్నాళ్లకోసారి వెళ్తావు నాయనా, లోపల గాలాడుద్దా, కడుపులో తిప్పితే ఏం చేస్తావు అని అడిగింది. అతను మొదట సిగ్గుపడ్డాడు, తర్వాత చెప్పాడు, సముద్రం రఫ్‌గా ఉన్నప్పుడు మొదట్లో వాంతులయ్యేవి, బకెట్ పక్కన పెట్టుకునే డ్యూటీ చేశాను, డ్యూటీ మాత్రం ఆగదు అమ్మమ్మా అని. ఆవిడ అతని తల నిమిరి వెళ్లింది. మాకు కావాల్సింది ఇదే. ఎక్కడ పడుకుంటారు, ఒకరి మీద ఒకరికి ఎన్ని బెర్తులు, మంచినీళ్లు ఎక్కణ్ణించి వస్తాయి, సముద్రపు నీళ్లలో ఉప్పు ఎలా తీస్తారు, అలలకి ఓడ ఊగుతుంటే స్టవ్ మీద సాంబారు ఒలక్కుండా ఎలా వండుతారు, ఇవేవీ రహస్యాలు కావు కదా. అసలు చూపించకూడని గదులు, చెప్పకూడని సంగతులు చెప్పమని మేము ఎప్పుడూ అడగం, తలుపు మూసుంటే మూసే ఉండనివ్వండి, దానికి చాలా పెద్ద కారణం ఉందని పిల్లలకి కూడా చెప్తాం.

డ్యూటీ అంటే గుర్తొచ్చింది. ఓడ మీద కాపలా నాలుగేసి గంటలు అని, సాయంత్రం 4 నుంచి 8 వరకు ఉన్న దాన్ని మాత్రం రెండు ముక్కలు చేసి 4 నుంచి 6, 6 నుంచి 8 అని పెడతారని, వాటిని డాగ్ వాచ్ అంటారని నేను మీ వాళ్ల దగ్గరే విన్నాను. ఎందుకలాగ అంటే, రోజుకి ఆరు వంతులే అయితే మూడు బ్యాచ్‌లు వంతులేసుకున్నప్పుడు ఒకే బ్యాచ్‌కి రోజూ అదే అర్ధరాత్రి డ్యూటీ పడిపోతుంది, ఏడు చేస్తే రోజుకొకటి జరిగిపోయి అందరికీ సమానంగా వస్తుంది. భాగహారం, శేషం. ఏడో తరగతి లెక్క. వందల ఏళ్ల కిందటే ఓడల వాళ్లు నిద్ర సమానంగా పంచుకోడానికి ఈ లెక్క వాడుకున్నారు అంటే మా లెక్కల మాస్టారు ఎంత సంబరపడ్డారో, మర్నాడు ఆయనే క్లాసులో పిల్లల్ని మూడు బ్యాచ్‌లు చేసి బోర్డు మీద చార్ట్ వేయించారు. ఆ చార్ట్ ఒకటి మీ గ్యాంగ్‌వే, అంటే ఓడెక్కే మెట్ల దారి, పక్కన వేలాడదీయండి.

చరిత్ర గురించి కూడా ఒక మాట. డిసెంబర్ 4 ఎందుకు నేవీ డే అంటే, 1971లో ఆ రాత్రి నిపత్, నిర్ఘాట్, వీర్ అనే మూడు మిస్సైల్ బోట్లు కరాచీ మీద దాడి చేశాయి కాబట్టి అని అందరూ చెప్తారు. ఆ బోట్లు చిన్నవి, అంత దూరం వెళ్లి వచ్చేంత సత్తా వాటికి లేదు కాబట్టి కొంత దూరం వాటిని పెద్ద ఓడలతో తాడు కట్టి లాక్కెళ్లారు అనేది మాత్రం ఎక్కువమందికి తెలీదు. ఆ విజయం వెనక ఒక తాడు ఉంది, డీజిల్ లెక్క ఉంది, చీకట్లో తాడు తెగకుండా చూసుకున్న మనుషులున్నారు. ఆపరేషన్ ట్రైడెంట్ కథ చెప్పేటప్పుడు మిస్సైల్ కంటే ముందు ఆ తాడు గురించి చెప్పండి.

ఇక ఘాజీ, అది మన గుమ్మం ముందు జరిగింది. 1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటే వేళకి విశాఖ తీరంలో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిపోయింది. అది వెతుక్కుంటూ వచ్చింది మన విమానాలు మోసే యుద్ధనౌక విక్రాంత్‌ని, విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది, విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించే పని పాత ఐఎన్ఎస్ రాజ్‌పుత్ చేసింది. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాలు రెండు రకాలుగా చెప్తాయి, అది కూడా పిల్లలకి దాచకుండా చెప్పొచ్చు, వాళ్లు అర్థం చేసుకుంటారు. అందులో ఉన్న 90 మందికి పైగా అక్కడే పోయారు. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్థూపం దగ్గర రోజూ వేలమంది ఐస్‌క్రీమ్ తింటూ కూర్చుంటారు, అది దేని గుర్తో అడిగితే ఎక్కువమంది చెప్పలేరు. ఓడ డెక్ మీంచి సముద్రం వైపు చెయ్యి చూపించి అదిగో ఆ దిక్కున అని ఒక్క మాట చెప్తే చాలు, జన్మలో మర్చిపోరు.

ఖుక్రీని కూడా చెప్పండి, దయచేసి. గెలిచినవే చెప్తే పిల్లలకి యుద్ధం అంటే క్రికెట్ మ్యాచ్ అనిపిస్తుంది. ట్రైడెంట్ జరిగిన ఐదు రోజులకే, డిసెంబర్ 9 రాత్రి, డయ్యూ దగ్గర ఐఎన్ఎస్ ఖుక్రీని పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ ముంచింది. 18 మంది ఆఫీసర్లు, 176 మంది సెయిలర్లు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన వాళ్లని బయటపడమని పంపి తను ఓడతోనే ఉండిపోయారు. ఈ 194 మంది మాట చెప్పిన తర్వాత ఆ చెక్క బిరడాని పిల్లాడి చేతిలో పెట్టి చూడండి, వాడు దాన్ని పట్టుకునే తీరే వేరుగా ఉంటుంది.

నేను ముఖ్యంగా అడిగేది తెలుగు గురించి. మీ ఓడల మీద దేశం నలుమూలల నుంచి వచ్చిన కుర్రాళ్లుంటారు, వాళ్లందరికీ తెలుగు రావాలని ఎవరూ అనరు, పంజాబ్ నుంచి వచ్చిన పిల్లాడు హిందీలో అంత ప్రేమగా చెప్తుంటే మాకు సంతోషమే. కానీ చూడ్డానికి వచ్చేది పాడేరు నుంచి, పార్వతీపురం నుంచి, టెక్కలి నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు. కురుసుర చూడండి. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన సబ్‌మెరైన్‌ని 2002లో బీచ్‌లో మ్యూజియం చేశారు, ఇప్పటికీ జనం లైన్లు కడుతున్నారు అంటే అందులో టార్పెడోలు ఉన్నాయని ఒక్కటే కాదు, రిటైరైన నేవీ వాళ్లే గైడ్లుగా దగ్గరుండి చెప్తారు, ఆ ఇరుకు దారుల్లో వంగి నడుస్తూ ఆ బెర్తులు, ఆ వంటగది చూస్తే ఇందులో మనుషులు ఎలా బతికారో అని గుండె ఝల్లుమంటుంది. విశాఖలో, గాజువాక, మల్కాపురం, సింధియా వైపు, రిటైరైన తెలుగు నేవీ వాళ్లు ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు. ఆ ఒక్క రోజుకి రమ్మంటే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వస్తారు. సర్వీసులో ఉన్న కుర్రాడి పక్కన ఒక పెద్దాయన్ని నిలబెట్టండి, చిన్నాయన పని చూపిస్తాడు, పెద్దాయన తెలుగులో చెప్తాడు.

ఆడపిల్లల మాట కూడా చెప్పాలి. 2023 నుంచి ఆడపిల్లలు సెయిలర్లుగా చిల్కాలో ట్రైనింగ్ పూర్తి చేసుకుని వస్తున్నారు. 2017 సెప్టెంబర్‌లో బయల్దేరి 2018 మేలో తిరిగొచ్చిన తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు ఆడ ఆఫీసర్లు ప్రపంచం చుట్టొచ్చారు, వాళ్లలో పి. స్వాతి మన విశాఖ అమ్మాయి, బి. ఐశ్వర్య హైదరాబాద్ అమ్మాయి. ఈ సంగతి మా స్కూల్లో చెప్తే ఒక అమ్మాయి నమ్మలేదు, అబద్ధం సార్ అంది. యూనిఫామ్‌లో ఉన్న ఒక మహిళా సెయిలర్ ఓడని నడిపే గది, అదే బ్రిడ్జి, మీద సముద్రపు మ్యాప్ ముందు నిలబడి ఇదిగో ఇక్కణ్ణించి ఇలా దారి లెక్క కడతాం అని చెప్తే నేను వంద పాఠాలు చెప్పినా రానిది వస్తుంది. గన్ దగ్గర, బ్రిడ్జి దగ్గర, చెక్క బిరడాల బల్ల దగ్గర, వీలైనన్ని చోట్ల వాళ్లని పెట్టండి.

ఓడ ఎక్కలేనివాళ్లు ఉంటారు. ఆ నిచ్చెనలు నిట్టనిలువు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి, కర్ర పట్టుకుని నడిచేవాళ్లకి, వీల్‌చైర్‌లో వచ్చిన పిల్లలకి కుదరదు, వాళ్లు జెట్టీ మీద కూర్చుని మనవల కోసం ఎదురుచూస్తుంటారు. వాళ్ల కోసం ఒక టెంట్ కింద ఆ బల్ల, ఆ తొట్టి, సిగ్నల్ జెండాలు, మంటల్లోకి వెళ్లేటప్పుడు వేసుకునే సూటు, మాస్కు, ఇవి పెడితే ఓడ దిగిపోయినోళ్లు కూడా అక్కడ ఆగుతారు, పైన రద్దీ తగ్గుతుంది, మీకూ సుఖం. జెండాలతో పిల్లలు తమ పేర్లు రాసుకునేలా చేయండి, ఇంకేం అక్కర్లేదు, అక్కణ్ణించి లేపడం మా వల్ల కాదు. ఉద్యోగాల గురించి ఒక బల్ల కూడా, టెన్త్‌తో దేనికి అప్లై చేయొచ్చు, ఇంటర్‌లో మ్యాథ్స్ ఫిజిక్స్ ఉంటే దేనికి, మెడికల్‌లో ఏం చూస్తారు, ఇది తెలియక ఊళ్లల్లో దళారులకి డబ్బులిచ్చి మోసపోయేవాళ్లున్నారు, మీ నోటితో ఒక్కసారి చెప్తే ఆ దళారి పని అయిపోతుంది.

మనవాళ్లకి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఈ ఉత్తరం వాళ్లూ చదువుతారు కాబట్టి. కనిపించిన ప్రతి స్విచ్ నొక్కకండి, ఫోన్ వద్దన్న చోట వద్దు, పిల్లల్ని రైలింగ్ ఎక్కనివ్వకండి, హీల్స్ వేసుకుని ఆ నిచ్చెనలు దిగడం నిజంగా ప్రమాదం. అన్నిటికంటే ముఖ్యంగా ఆ కుర్రాళ్లని పలకరించండి. వాళ్లు పొద్దున ఎప్పుడో లేచి డెక్ కడిగి ఇత్తడి తోమి మనకోసం నిలబడ్డారు. ఏ ఊరు బాబూ, ఇక్కడ నీ పనేంటి అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి వాళ్లు చెప్పేది వినండి, ఫొటో తర్వాత తీసుకోవచ్చు.

పోస్టర్లు తెలుగులో రాయడానికి మనుషులు కావాలంటే మేమున్నాం. ఉత్తరాంధ్రలో సైన్స్ టీచర్లు, తెలుగు మాస్టార్లు సంతోషంగా కూర్చుని రాసిస్తారు, పిల్లలకి ఏ మాట అర్థమవుద్దో ఏది కాదో మాకు తెలుసు, మీరు ఇంగ్లీష్‌లో ఇచ్చింది మేం మామూలు తెలుగులో పెట్టి మీకే చూపిస్తాం, మీరు సరే అన్నాకే వాడండి. పైసా అక్కర్లేదు. తొట్టి, బొమ్మ ఓడ కూడా మా ల్యాబ్‌లోవి తెచ్చిస్తాం.

ఇంకొక్కటే. తేదీ కాస్త ముందుగా చెప్పండి. స్కూల్ నుంచి పిల్లల్ని బయటికి తీసుకురావాలంటే హెడ్‌మాస్టర్ పర్మిషన్, తల్లిదండ్రుల సంతకాలు, బస్సు, మధ్యాహ్నం భోజనం, ఇన్ని చూసుకోవాలి, రెండ్రోజుల ముందు పేపర్లో చూసి మన్యం స్కూళ్లు ఎలాగూ రాలేవు. పదిహేను రోజుల ముందు డీఈఓ ఆఫీసులకి ఒక లెటర్ పంపించి, స్కూళ్లకి పొద్దున పూట విడిగా ఒక రెండు గంటలు ఇస్తే, బస్సులు మేం మాట్లాడుకుంటాం, పిల్లల్ని లైన్లో మేం నిలబెడతాం.

ఇట్లు,
విజయనగరం జిల్లా నుంచి ఒక ఫిజికల్ సైన్స్ టీచర్